పెళ్లి వీడియోల మిక్సింగ్‌కు కంప్యూటర్ కట్టించుకోవాలి, ఏ పార్టులు తీసుకోవాలి? (దేవరకొండ)

దేవరకొండ ఫొటోవాలా:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ. చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చుట్టుపక్కల తండాల్లో శుభకార్యాలు తీస్తాను. ఆల్బమ్ నేనే చేసుకుంటాను కానీ వీడియో మిక్సింగ్ హైదరాబాద్‌లో ఇస్తున్నాను. సీజన్ వచ్చిందంటే వాళ్ల దగ్గర లైన్ తెగదు. ఇక్కడేమో పెళ్లికూతురి నాన్న పొద్దున్నే వచ్చి షాపు ముందు స్టూల్ వేసుకుని కూర్చుంటాడు. ఆయనకు చాయ్ తాగించే ఖర్చే ఎక్కువైంది. అందుకే ఎడియస్ అనే వీడియో మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. మాఘమాసం ముహూర్తాల్లోపు సొంత కంప్యూటర్ పెట్టుకోవాలి.

కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోనీ ఏ7 త్రీ. 4కేలో 100 ఎంబీపీఎస్‌లో తీస్తాను. అసిస్టెంట్ దగ్గర వేరే కెమెరా ఉంది, అది ఫుల్ హెచ్‌డీ. ఆల్బమ్‌కు ఫొటోషాప్ వాడతాను. గేమ్స్ అసలే ఆడను. మానిటర్, కీబోర్డు, పాత 600 వీఏ యూపీఎస్ ఉన్నాయి. బడ్జెట్ 65 వేలు. ఇంకో ఐదు వేలు ఎలాగోలా సర్దగలను.

ఒక షాపతను రెడీమేడ్ సెట్ చూపించాడు. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 ఎస్ఎస్‌డీ, ముందు అద్దం, లోపల రంగుల లైట్లు, మొత్తం 38 వేలు అన్నాడు. ఐ7 అంటే పెద్దదే కదా, ఇంత తక్కువకు ఎట్లా వస్తుంది అని అడిగితే "మాకు బల్క్‌లో వస్తాయి" అన్నాడు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే 3770 అని ఉంది. కార్డు జీటీ 730. తీసుకోవచ్చా?

ఇంకో సంగతి. సాయంత్రం అయ్యేసరికి మా బజారులో వోల్టేజి బాగా పడిపోతుంది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. ఇప్పుడున్న పాత సిస్టం ఆ టైంలో దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. కొత్తదానికీ అదే గతి పడితే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది.

పాలమూరు రైజెన్:

బ్రో, ఆ సెట్ ముట్టుకోకు. రైజెన్ 5 5600, బీ550 మదర్‌బోర్డు, సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు. కళ్లు మూసుకుని తీసుకో. నా సెట్ ఇదే, అన్ని గేములూ పరుగెత్తుతాయి.

నల్గొండ మిక్సింగ్:

తమ్ముడూ, నేను నల్గొండ ప్రకాశం బజార్ దగ్గర మేడ మీద గదిలో మిక్సింగే చేస్తాను. నకిరేకల్, మునుగోడు, హాలియా ఫొటోగ్రాఫర్లు నాకే ఇస్తారు. కాబట్టి గేములవాళ్ల లెక్క పక్కన పెట్టి మన పని లెక్క చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువు.

ముందు ఆ షాపు సెట్ సంగతి. ఐ7 అనేది ఇంటిపేరు లాంటిది, తాతకూ మనవడికీ అదే ఉంటుంది. వయసు తెలియాలంటే వెనకున్న నంబర్ చూడాలి. 3770 అంటే మూడో తరం, 2012లో వచ్చింది. అందులో పనిచేసే భాగాలు, అంటే కోర్లు, నాలుగే. ఇప్పటి ఐ3-12100కీ నాలుగు కోర్లే, అయినా పనిలో దాన్ని దాటిపోతుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో మామూలుగా 8వ తరం నుంచి ఉండాలి. జీటీ 730 కూడా 2014 నాటి కార్డు. 4 జీబీ అన్న అంకె చూసి మోసపోకు, అందులో ఉన్న మెమరీ నెమ్మది రకం, హెచ్.265 అనే కొత్త రకం కుదింపు ఉన్న వీడియోను ఆ కార్డు చదవలేదు. రంగుల లైట్లకు, ముందున్న అద్దానికి నువ్వు 38 వేలు ఇస్తున్నావన్నమాట.

ఇక అసలు విషయం. కెమెరా ఇచ్చే ఫైలు గట్టిగా కుదించి ఉంటుంది. టైమ్‌లైన్ మీద ప్లే నొక్కగానే కంప్యూటర్ ఆ ఫ్రేములన్నిటినీ విప్పాలి. రెండు కెమెరాలు, మీద టైటిల్, ఒక డిజాల్వ్ పడిందంటే ఒకేసారి రెండు మూడు వీడియోలు విప్పాలి. ఈ పనికి ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది, క్విక్ సింక్ అంటారు. ఎడియస్ దాన్ని చాలా ఏళ్లుగా బాగా వాడుకుంటుంది. చివర్లో ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కూడా అదే పరుగెత్తిస్తుంది. మన జిల్లాల్లో మిక్సింగ్ వాళ్లు ఇంటెల్ ఇంటెల్ అని కలవరించేది అందుకే, బ్రాండ్ పిచ్చితో కాదు.

కాబట్టి నీకు ఐ5-12400 చాలు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. కానీ చివర ఎఫ్ అక్షరం ఉన్నది తీసుకోవద్దు. 12400ఎఫ్ కొంచెం చవక, షాపువాళ్లు అదే అంటగడతారు, అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. క్విక్ సింక్ పోయినట్టే. ఇంకా మూడు నాలుగు వేలు పెట్టగలిగి, సరుకు దొరికితే 12500 గానీ 13500 గానీ 14500 గానీ చూడు. వాటిలో యూహెచ్‌డీ 770 ఉంటుంది. 12400లో ఉండేది యూహెచ్‌డీ 730. పేరులో తేడా చిన్నదే, వీడియో విప్పే ఇంజిన్లు మాత్రం 730లో ఒకటి, 770లో రెండు. రెండు కెమెరాల పెళ్లికి అది తెలుస్తుంది.

నీ ఏ7 త్రీ ఇచ్చేది 8 బిట్ 4:2:0 హెచ్.264. దాన్ని ఏదైనా సులువుగా చదువుతుంది. రేపు ఏ7 ఫోర్ లాంటిది కొంటావు, రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 మోజు పడతావు. అప్పుడు గుర్తుపెట్టుకో, కెమెరా మెనూలో ఎక్స్ఏవీసీ ఎస్ అన్న ఫైలు రకం కాకుండా ఎక్స్ఏవీసీ హెచ్ఎస్‌లో తియ్యి. హెచ్ఎస్ అంటే హెచ్.265, దాని 4:2:2 ఫైళ్లను 12వ తరం ఇంటెల్ చిప్పు హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. ఎస్ ఫైళ్ల 4:2:2కి ఆ సౌకర్యం లేదు, కోర్లే మొయ్యాలి. ఆర్‌టీఎక్స్ 3060, 4060 కార్డులకు రెండూ రావు. ఎన్విడియాలో 4:2:2 పని 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. కెమెరాలో ఒక్క మెనూ మార్చుకుంటే తీరేదానికి కొందరు కొత్త కార్డు కొంటున్నారు.

బోర్డు విషయంలో పిసినారితనం చెయ్యకు. హెచ్610 బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే, ఎస్ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ చాలావాటిలో ఒక్కటే. బీ660 లేదా బీ760 నాలుగు ర్యామ్ స్లాట్లున్నది తీసుకో. ఇప్పుడు ఇది ముఖ్యం ఎందుకంటే, ఏఐ సర్వర్లకు మెమరీ చిప్పులన్నీ పోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 32 జీబీ ఒకేసారి కొంటే నీ బడ్జెట్‌కు గండి పడుతుంది. ఇప్పటికి 8 జీబీవి రెండు పెట్టుకో, రెండు స్లాట్లు ఖాళీ వదులు. 16 జీబీది ఒక్కటే కర్ర పెడతానంటే ఒప్పుకోకు, లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్ మీదే బతుకుతుంది, జంటగా ఉంటేనే దానికి దారి వెడల్పవుతుంది. అదే చిప్పుకు డీడీఆర్4 బోర్డు, డీడీఆర్5 బోర్డు రెండూ ఉన్నాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు. ఆ రోజు మొత్తం ఏది తక్కువకు పడితే అది తీసుకో, మన పనికి పెద్ద తేడా రాదు.

స్టోరేజీ దగ్గర లెక్క వేసుకో. 100 ఎంబీపీఎస్ అంటే గంటకు 45 జీబీ. ఎదుర్కోలు నుంచి బరాత్ దాకా నీ ఒక్క కెమెరానే ఐదు గంటలు తిరిగితే 225 జీబీ. షాపతను చెప్పిన 512 ఎస్ఎస్‌డీలో విండోస్, సాఫ్ట్‌వేర్ పోగా పెళ్లి ఒక్కటి పట్టడమే గగనం. 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ) తీసుకో, నడుస్తున్న పెళ్లి దానిలో ఉంచు. పూర్తయినవి 4 టీబీ హార్డ్ డిస్కులోకి నెట్టు. హార్డ్ డిస్కు సీఎంఆర్ రకమా అని అడుగు. ఎస్ఎంఆర్ రకం పెద్ద ఫైళ్లు వరసగా ఎక్కిస్తుంటే మధ్యలో మొరాయిస్తుంది. ఎం.2 అనగానే ఎన్‌వీఎంఈ అనుకోకు, అదే ఆకారంలో సాటా ఎస్ఎస్‌డీలు కూడా వస్తాయి. సాటా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మామూలు జెన్3 ఎన్‌వీఎంఈ 3,000 దాటుతుంది. పిన్నుల దగ్గర రెండు గాట్లు ఉంటే అది సాటా అయ్యే అవకాశం ఎక్కువ, ఒక్క గాటే ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. పెట్టె మీద కూడా రాసి ఉంటుంది, చదువు.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు కొనకు. అవును, కొనకు. ఎడియస్, ఫొటోషాప్ రెండూ లోపలి గ్రాఫిక్స్‌తో నడుస్తాయి. కలర్ గ్రేడింగ్ కోసం వేరే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినప్పుడు చూద్దాం. అప్పుడు కూడా ఒక సంగతి ఉంది. కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయోస్ (బోర్డు సెట్టింగ్స్) లోకి వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నది ఆన్ చెయ్యాలి. కార్డు పెట్టించాక ఎడియస్ ఉల్టా నెమ్మదైందని నా దగ్గరికి సిస్టం మోసుకొచ్చేవాళ్లలో సగం మందికి జరిగేది ఇదే.

కరెంటు గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దాయన ఇక్కడే ఉన్నారు, ఆయన చెప్తారు.

జడ్చర్ల వైర్‌మన్:

తమ్మీ, అక్క చెప్పిన పార్టులు బాగానే ఉన్నాయి. కానీ గోడలో సాకెట్ సక్కగా లేకుంటే అవన్నీ దండగ.

నీ పాత సిస్టం సాయంత్రం రీస్టార్ట్ అవుతున్నదంటే ముందు దాని ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) మీది స్టిక్కర్ చూడు. ఇన్‌పుట్ 200–240 వోల్టులు అని ఉంటది, లేకుంటే 100–240 అని ఉంటది. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చేవి చాలావరకు మొదటి రకం. వోల్టేజి 170కి పడితే అవి చేతులెత్తేస్తాయి. 100–240 ఉన్నది, యాక్టివ్ పీఎఫ్‌సీ అని రాసి ఉన్నది తీసుకుంటే 160 దగ్గర కూడా గుండ్రాయిలా నిలబడి నడుస్తది. అన్ని బ్రాంజ్ సప్లైలు ఈ రకమే అనుకోకు. 80 ప్లస్ బ్రాంజ్ అనేది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్ర మాత్రమే, ఇన్‌పుట్ రేంజ్ విడిగా చూడాలె. నీకు 450 వాట్లు చాలు, రేపు కార్డు పెడతానంటే 550 తీసుకో. "750 వాట్ల సప్లై వెయ్యి రూపాయలకే" అని ఎవడన్నా ఇస్తే దండం పెట్టి బయటికి రా.

యూపీఎస్. 600 వీఏ అంటే 360 వాట్లే. కార్డు లేని సెట్టుకు సరిపోతది. అది లైన్ ఇంటరాక్టివ్ రకమైతే తక్కువ వోల్టేజిని లోపలే పెంచి ఇస్తది. ఎంత కిందికి పడేదాకా పెంచుతదో పెట్టె మీద రాసి ఉంటది. మీ బజారులో వోల్టేజి దానికంటే కిందికి పోతే యూపీఎస్ బ్యాటరీ మీదికి దూకుతది, రోజూ సాయంత్రం అదే జరిగితే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఏడాదిలోనే ఉబ్బిపోతది. అట్లుంటే యూపీఎస్‌కు ముందు స్టెబిలైజర్ పెట్టు. స్పైక్ గార్డ్ బోర్డు కొన్నా కదా అని ధీమా పడకు. అది ఎక్కువ వచ్చినప్పుడు కాపాడేది, తక్కువ వచ్చినప్పుడు దానితో పని లేదు.

అందరూ మర్చిపోయేది ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? అంటే మూడో పిన్నుకు భూమి లేదు. మంచి సప్లైలో కూడా ఫిల్టర్ నుంచి కొంచెం కరెంటు బాడీ మీదికి వస్తది, ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోవాలె. లేకుంటే నీ హార్డ్ డిస్కు కేబుల్, కెమెరా యూఎస్‌బీ కేబుల్ దాకా పాకుతది. ఖరీదైన కెమెరాను అట్లాంటి సిస్టంకు తగిలించడం నాకైతే గుండె దడ. షాపు వెనక గుంట తీసి, జీఐ పైపు దింపి, ఉప్పు, బొగ్గు వేయించు. మన నేల ఎండకాలం ఎండి బీటలు వారుతది, అప్పుడు ఎర్త్ పనిచెయ్యదు, వారానికోసారి బిందెడు నీళ్లు పొయ్యాలె. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు, యూట్యూబ్ చూసి నువ్వు దిగకు.

మిర్యాలగూడ మిల్లు పక్కన:

మా ఇంటి చుట్టూ రైస్ మిల్లులే. తవుడు దుమ్ము తలుపు సందుల్లోంచి దూరుతుంది. దేవరకొండలో మిల్లు దుమ్ము కాకపోయినా రోడ్డు దుమ్ము తప్పదు కాబట్టి చెప్తున్నా. ముందు అద్దం ఉన్న క్యాబినెట్ ఎండకాలం ఓవెన్. ముందు జాలీ ఉండి, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది చూడండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము దూరదు, ఫిల్టర్ గుండానే రావాలి. నేల మీద పెట్టకండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి కొట్టండి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది.

దేవరకొండ ఫొటోవాలా:

అన్నా, అక్కా, పెద్దాయనా, అందరికీ దండాలు. స్టిక్కర్ చూశాను, 200–240 అనే ఉంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది కూడా, ఇన్నాళ్లూ అది మామూలే అనుకున్నా. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

అక్కా, మా షాపు రేకుల కింద ఉంది. మే నెలలో మధ్యాహ్నం లోపల 42 దాకా పోతుంది. 12400తో వచ్చే ఫ్యాను ఆగుతుందా? నీళ్ల కూలర్ పెట్టమని ఒకతను అన్నాడు.

నల్గొండ మిక్సింగ్:

నీళ్ల కూలర్ వద్దు. పంపు ఆగిపోతే సీజన్ మధ్యలో పని ఆగిపోతుంది, ఫ్యాను పోతే బజారులో ఇంకోటి తెచ్చి బిగిస్తావు. ఏ కూలర్ అయినా గది వేడి కంటే కిందికి తీసుకుపోలేదు. గది 25 ఉన్నప్పుడు 65 చూపించే చిప్పు, గది 42 అయితే దాదాపు 82 చూపిస్తుంది. 12400 అధికారికంగా 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అయితే కొన్ని బోర్డులు తయారయ్యేటప్పుడే పవర్ లిమిట్ తీసేసి పంపుతాయి. 65 వాట్ల చిప్పు 117 దాకా తాగుతూ కూర్చుంటుంది. బయోస్‌లో దీర్ఘకాల లిమిట్ 65 వాట్లకు పెట్టించు, ఎక్స్‌పోర్ట్ కాస్త నిదానమవుతుంది, చిప్పు చల్లగా ఉంటుంది. చేతనైతే రెండు వేల లోపు టవర్ కూలర్ పెట్టుకో. ఎక్స్‌పోర్ట్‌లు రాత్రి పెట్టి పడుకో, నేను ఎండకాలమంతా అదే చేస్తా.

పాలమూరు రైజెన్:

అక్కా, ఒక మాట. మీరు చెప్పిన బోర్డు మీద 14వ తరం తర్వాత ఇంకేదీ ఎక్కదు. రైజెన్ చిప్పులు కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా దాని మీద కొత్త చిప్పులు ఇస్తామని ఏఎండీ చెప్పింది. రైజెన్ 5 7600 తీసుకుంటే రేపు చిప్పు ఒక్కటే మార్చుకోవచ్చు కదా?

నల్గొండ మిక్సింగ్:

అది నిజమే తమ్ముడూ, కాదనను. ఇతను ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తానన్నా, ఆర్‌టీఎక్స్ కార్డుకు డబ్బున్నా నేనూ 7600 వైపే చూసేదాన్ని. ఎడియస్‌లో మాత్రం రైజెన్‌కు క్విక్ సింక్ లేదు, ఆ లోటు కార్డుతో పూడ్చాలి, కార్డుకు ఇతని దగ్గర పైసలు లేవు. పైగా ఏఎం5కు డీడీఆర్5 తప్ప గతి లేదు, ర్యామ్ ధరల సంగతి పైన చెప్పాను. చిప్పు మార్చుకునేవాళ్లను మన దగ్గర నేను పెద్దగా చూడలేదు, కొన్న సిస్టంను చివరిదాకా పిండి, ఆపై మొత్తం మారుస్తారు. సెకండ్ హ్యాండ్ కార్డు మాత్రం ఇతనికి చెప్పకు. అది ఎన్ని నెలలు క్రిప్టో మైనింగ్‌లో కాలిందో ఎవరికి తెలుసు.

దేవరకొండ ఫొటోవాలా:

సరే అక్కా, ఫిక్స్. 12500 దొరికితే అది, లేకపోతే 12400. బీ760 నాలుగు స్లాట్ల బోర్డు, 8 జీబీవి రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 4 టీబీ డిస్కు, 100–240 సప్లై, జాలీ క్యాబినెట్. సోమవారం మాల్ ఊరి మీదుగా పట్నం బస్సెక్కుతున్నా. ఎక్కడ తిరగాలి? పార్టులు విడిగా తెచ్చుకుని ఇక్కడ బిగించుకోనా, అక్కడే బిగించి తెచ్చుకోనా?

నల్గొండ మిక్సింగ్:

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, సీటీసీ అంటే ఎవరైనా చెప్తారు. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగి అక్కడే మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగు. మొదటి షాపులోనే కొనకు, పార్టుల చీటీ రాసుకుని నాలుగు షాపుల్లో రేట్లు రాయించుకో, మొత్తం కాకుండా పార్టు పార్టుకు. ఒకడు ప్రాసెసర్ మీద తగ్గించి సప్లై మీద లాగుతాడు, చీటీ చూస్తే దొరికిపోతాడు.

బిగించేది అక్కడే బిగించుకో, కానీ నీ కళ్ల ముందే పెట్టెలు తెరవాలి. ప్రాసెసర్ సీలు వేసిన బాక్సులోనే ఇవ్వమను. ట్రే చిప్పు అని ప్లాస్టిక్‌లో చుట్టి ఇస్తే రేటు తక్కువ, కానీ కంపెనీ మూడేళ్ల వారంటీ ఉండదు, షాపతని నోటి మాటే వారంటీ. ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో చిప్పు నంబరు, ర్యామ్ రెండు స్లాట్లలో ఉందా, గ్రాఫిక్స్ దగ్గర యూహెచ్‌డీ అని వస్తుందా చూడు. నీ కార్డు రీడర్, ఒక పెళ్లి క్లిప్పు వెంట తీసుకుపో, అక్కడే ప్లే చెయ్యి. టవర్ కూలర్ పెట్టిస్తే బస్సులో క్యాబినెట్‌ను పడుకోబెట్టి తీసుకురా, బోర్డు కిందికి, పక్క మూత పైకి ఉండేలా. నిలబెడితే మాల్ దాకా రోడ్డు కుదుపులకు కూలర్ బరువు బోర్డును వంచుతుంది.

జీఎస్టీ బిల్లు తీసుకో, ప్రతి పార్టు సీరియల్ నంబర్ దాని మీద రాయించు. అట్టపెట్టెలు అటక మీద పెట్టు, ఇంట్లో ఎవరూ పారెయ్యకుండా పైన "వారంటీ" అని మార్కర్‌తో రాయి.